పదకొండు పద్యాలు

పద్యం రాసినవాడు, ఆ పద్యం తానే రాశానని ఒట్టు వెయ్యాలట. ఆ ఒట్టుకు ఇంకొకాయన సాక్షి సంతకం చెయ్యాలట. వనపర్తి నుంచి వచ్చిన ఉత్తరంలో ఆ మాట ఎంతో మర్యాదగా, గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది.

ఉత్తరం వచ్చేముందు ఆ పొద్దున పని మంచి ఊపు మీద ఉంది. గద్వాల కోట వెనక గేరిలో ఖాజా ఇల్లంటే ఒక అర్ర, ముందొక చావిడి. చావిడి దూలానికి వేలాడదీసిన దూదేకే విల్లు కింద పత్తి కుప్ప పోసి, ముక్కుకు గుడ్డ కట్టుకుని, కొయ్యగూటంతో వింటి నరం మీద కొడుతున్నాడతను. దెబ్బదెబ్బకూ పత్తి విచ్చుకుని లేస్తోంది. ఎదురుగా భార్య జమీలాబీ గోడకానుకుని కూర్చుని రాట తిప్పుతోంది. రెండు కర్రల మధ్య పత్తి పెడితే దూది అవతల పడుతుంది, గింజ ఇవతల రాలుతుంది. గూటం దెబ్బకూ రాట కిర్రుకూ జత కలిసిందంటే ఆ ఇంట్లో పద్యం పుట్టడానికి ఎక్కువసేపు పట్టదు.

"కొట్టు కొట్టుకొద్ది కోట్ల పింజలు లేచె" అన్నాడు ఖాజా, కొడుతూనే.

జమీలాబీ తల ఎత్తలేదు. "కొంగు నిండ మబ్బు కురిసినట్లు" అంది, ఇంకో గుప్పెడు పత్తి అందుకుంటూ.

ఖాజా గూటం కింద పెట్టి, బొగ్గుముక్క తీసుకుని గోడ మీద రెండు పాదాలూ రాసుకున్నాడు. ఆ గోడంతా అట్లాంటి గీతలే. నూటెనిమిది పద్యాల శతకం ఆ గోడ మీదే పుట్టి, కాగితం మీదికి ఎక్కి, పోయినేడు కర్నూల్లో అచ్చయింది. అచ్చుకు ఇవ్వడానికి ఖాజా దగ్గర ఏముంది? అచ్చాపీసు షావుకారి కూతురి పెళ్లికి పద్నాలుగు పరుపులూ ముప్పై దిండ్లూ కుట్టి ఇచ్చాడు. మూడువందల ప్రతులు వచ్చాయి. అట్ట మీద 'విల్లుమోత', దాని కింద 'కవి: షేక్ ఖాజా'. గద్వాలలో మాత్రం ఇంకా "ఓ దూదీ" అనే పిలుస్తారు.

ఆ పిలుపు పోవాలనే అతను వనపర్తికి మూడు ప్రతులు పంపాడు. అక్కడ వాగ్విలాస గోష్ఠి అని ఒకటుంది. అచ్చయిన పుస్తకం ఉన్న కవులకే ఆ పోటీ. గెలిచినవాడికి నూటపదహార్లు, శాలువా, సభలో పెద్దల నడుమ ఒక పీట. ఖాజాకు కావలసింది ఆ పీట.

ఇప్పుడు ఉత్తరం వచ్చింది. పుస్తకం పరిశీలనలో ఉన్నదట. అయితే "ఇందలి ప్రతి పద్యమును నేనే స్వయముగా రచించితిని, అన్యుల సహాయ మేదియు లేదు" అని తన చేవ్రాతతో పత్రం రాసి, ఛందస్సు తెలిసిన పండితుని చేత సాక్షి సంతకం పెట్టించుకుని, శుక్రవారం గోష్ఠివారి ముందు హాజరు కావాలట. బహుమాన సభ ఆదివారం.

మూడోసారి చదివి, మడిచి, బొడ్లో దోపుకుని ఖాజా మళ్లీ గూటం అందుకున్నాడు. నాలుగో దెబ్బకు నరం పుటుక్కున తెగి చెంప మీద కొట్టింది. జమీలాబీ లేచి చూసింది. ఏమైందని అడిగింది. చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు.

బడిపంతులు బాలరాజు కూడా ఆ పోటీకి పుస్తకం పంపాడు. కృష్ణానది ఒడ్డు గురించి రాసిన కావ్యం. మంచివాడే, ఖాజాతో కలిసి పద్యాలు చదువుకునేవాడు. ఖాజా వెళ్లేసరికి అరుగు మీద కూర్చుని పిల్లల పలకలు దిద్దుతున్నాడు. తనకూ ఉత్తరం వచ్చిందన్నాడు. ఏదీ చూపించమన్నాడు ఖాజా. బాలరాజు కాస్త తటపటాయించి, లోపలికి పోయి తెచ్చాడు. అందులో శుక్రవారం దయచేయవలసిందని తప్ప ఒక్క ముక్క ఎక్కువ లేదు. పత్రం లేదు, ఒట్టు లేదు, సాక్షి లేడు.

ఖాజా చెంప మీద నరం దెబ్బ ఇంకా మండుతోంది. బాలరాజు కావ్యాన్ని వాళ్ల మేనమామ మొదటి నుంచి చివరిదాకా దిద్దాడు. దాచుకున్న సంగతేమీ కాదు, పీఠికలో చేతులు జోడించి మరీ రాసుకున్నాడు. గోష్ఠివాళ్లు ఆ పీఠిక చదివే ఉంటారు. చదివి, ఎంత వినయం అనుకుని ఉంటారు.

"నీకెందుకు అడగలే, నన్నెందుకు అడిగిన్రు?" అన్నాడు ఖాజా.

బాలరాజు చేతిలో బలపం తిప్పుతూ కూర్చున్నాడు. "నీకు తెల్వదా ఖాజన్నా," అన్నాడు చివరికి. "నాతోని ఎందుకు చెప్పిస్తవ్."

తెలుసు. తెలియక కాదు. సాయిబు, అందులోనూ దూదేకులవాడు, గణాలు తప్పకుండా ఆటవెలది రాయడమా అని ఎవరో ముసిముసిగా నవ్వి ఉంటారు. ఎవరో బాపనాయన రాసిస్తే పేరు పెట్టుకున్నాడేమో అని ఇంకొకరు అని ఉంటారు. ఆ నవ్వును గుండ్రటి అక్షరాల్లోకి దించి, కింద 'ఇట్లు విధేయుడు' అని సంతకం పెట్టారు. ఎదురుగా ఉండి తిట్టినా ఖాజాకు ఇంత మండేది కాదు. సంతకమే కదా, పెట్టించి పారేయమన్నాడు బాలరాజు. ఖాజా అక్కణ్నుంచి వచ్చేశాడు. వస్తూ వస్తూ కసాయి ఖాసిం దగ్గర కొత్త నరం తీసుకున్నాడు.

ఇంటికొచ్చి ఉత్తరం సంగతి జమీలాబీకి చెప్పాడు. ఆమెకూ ఒళ్లు మండింది. పొద్దంతా నరం మోతలో చెవులు పోగొట్టుకుని, దూది మింగి దగ్గుతూ రాసినవాడిని పట్టుకుని దొంగంటారా అని గేరి అంతా వినేట్టు తిట్టింది. పోటీ వద్దు గీటీ వద్దని పుస్తకాలు వాపసు తెప్పించుకోమంది. ఖాజా వినలేదు. ఇప్పుడు వెనక్కి తగ్గితే వాళ్లు అన్నదే నిజమవుతుంది. సాక్షి సంతకం ఎవరిచేత పెట్టించాలో కూడా అతనికి తెలుసు. అలంపూర్‌లో బ్రహ్మేశ్వరశాస్త్రి ఉన్నాడు.

ఒట్టు పత్రం రాసుకుని, సోమవారం పొద్దుటి బండెక్కి అలంపూర్ రోడ్డు స్టేషన్లో దిగి, ఊళ్లోకి నడిచాడు. శాస్త్రి ఇంటికి పాతికేళ్లుగా పరుపులు ఏకుతున్నాడతను. దూదేకులవాడు విల్లు భుజాన వేసుకుని ఇంటింటికీ పోయి, వాళ్ల చావిట్లోనే పని చేసి వస్తాడు. శాస్త్రి అరుగు మీద శిష్యులకు పాఠం చెప్పేవాడు. ఖాజా చావిట్లో దూది ఏకేవాడు. శిష్యులు గణాలు తప్పితే శాస్త్రి తొడ మీద తాళం వేసి చూపించేవాడు. ఆ తాళం ఖాజా గూటంలోకి ఎప్పుడు వచ్చిందో ఖాజాకే తెలియదు.

శాస్త్రి సంగతి విని పెద్దగా నవ్వాడు. కవివి అయిపోయావన్నమాట అన్నాడు. ఆ నవ్వులో నిజంగా సంతోషం ఉంది. పత్రం మాత్రం చేతికి తీసుకోలేదు. అరుగు అంచున పెట్టమని, ఖాజా చెయ్యి తీశాక తీసుకున్నాడు. చదివాడు. ఊరికే సంతకం పెడితే రేపు తనను అంటారని, రెండు మూడు పద్యాలు అప్పటికప్పుడు చెప్పించుకుని చూడాల్సి ఉంటుందని అన్నాడు. ఖాజా సరే అని అరుగు కింద మెట్టు మీద కూర్చోబోయాడు.

"ఊరికే కూర్చుని ఎందుకు," అన్నాడు శాస్త్రి. "లోపల రెండు పాత పరుపులు గట్టిపడి ఉన్నాయి. చెయ్యి ఆడుతుంటే నీకు పద్యం వస్తుంది కదా."

విల్లు తేలేదన్నాడు ఖాజా. వీధి చివర చోటే మియా ఇంట్లో ఉంటుంది, తెచ్చుకోమన్నాడు శాస్త్రి. అంతే. కవి అయిపోయినవాడు చోటే మియా ఇంటికి పోయి విల్లు అడిగి తెచ్చుకుని, ముక్కుకు గుడ్డ కట్టుకుని, కూలి మాట లేకుండా రెండు పరుపుల దూది ఏకడానికి కూర్చున్నాడు. శాస్త్రి ఒకదాని తర్వాత ఒకటి అడిగాడు, తుంగభద్ర మీద ఒకటి, ముసలి ఎద్దు మీద ఒకటి, కోపం మీద ఒకటి. మూడూ చెప్పాడు ఖాజా, గూటం ఆపకుండా. మూడోదానికి మాటలు వెతుక్కోవలసిన పనే లేకపోయింది.

మధ్యాహ్నం వాలేసరికి దూది తెల్లగా పొంగి చావిడంతా నిండింది. ఖాజా పరుపులు నింపి, దబ్బనంతో మూతులు కుట్టి, కనురెప్పల మీది నూగు తుడుచుకుని అరుగు దగ్గరికి వచ్చాడు. శాస్త్రి ఒళ్లో ఖాజా తెచ్చిన విల్లుమోత ప్రతి ఉంది. అందులో అక్కడక్కడా ఎర్ర పెన్సిలు గీతలు.

"ఖాజా, నువ్వు చెయ్యి తిరిగినవాడివి. అందులో అనుమానం లేదు," అన్నాడు శాస్త్రి. "శతకమంతా బాగుంది. కానీ ఇందులో ఒక పదకొండు పద్యాలు వేరుగా ఉన్నాయి. అవి చదివినప్పుడు నేను పుస్తకం మూసి కాసేపు కూర్చోవలసి వచ్చింది. పొద్దుటి నుంచి నువ్వు చెప్పినవాటిలో ఆ గొంతు లేదు. అవి ఎవరివి?"

పొద్దుటి నుంచి అణుచుకున్నదంతా ఖాజా గొంతులోకి వచ్చింది. రెండు పరుపులు ఏకించుకుని, మూడు పద్యాలు చెప్పించుకుని, ఇంకా ఎవరివని అడుగుతున్నాడు. మంచి పద్యమైతే ఖాజాది కాదు, మామూలుదైతే ఖాజాది.

"అన్నీ నావే అయ్యగారూ," అన్నాడు.

శాస్త్రి అతని మొహంలోకి కాసేపు చూసి, సంతకం పెట్టి, కాగితాన్నీ పుస్తకాన్నీ అరుగు అంచున ఉంచాడు. ఖాజాకు తాను అబద్ధం ఆడినట్టు తోచలేదు. నిజమే చెప్పానని, ఆ నిజానికి పొద్దంతా చాకిరీ చేశానని పళ్లు కొరుక్కుంటూ స్టేషన్ దాకా నడిచాడు.

మర్నాడు జమీలాబీ రాట ముందు కూర్చుని ఉండగా అతను పత్రం తీసి పెద్దగా చదివి వినిపించాడు. సంతకం చూపించాడు. శాస్త్రి చేసిన పని చెప్పాడు, అడిగిన మాట చెప్పాడు. జమీలాబీ రాట తిప్పుతూ వింది. శాస్త్రి ఎర్ర గీతలు పెట్టినవి ఏవని అడిగింది. ఖాజా పుస్తకం తెరిచి వరసగా చదివాడు. మూడో పద్యం దగ్గర ఆమె రాట ఆపింది. ఏడో పద్యం దగ్గర పత్తి కింద పెట్టింది. పదకొండో పద్యం ఇది:

గింజ తీసినపుడు గీపెట్టలేదమ్మ
వింటి దెబ్బకైన వెరచలేదు
పరుపులోన జేరి బరువెల్ల మోసెను
దూది మాట వినర దుఃఖమేల

"ఆ కాయితం మల్ల చదువు," అంది జమీలాబీ.

చదివాడు. అన్యుల సహాయం అంటే ఏందని అడిగింది. వేరేవాళ్ల ఆసరా అని చెప్పాడు.

"నేను వేరేదాన్నా?"

ఖాజా నవ్వాడు. "నువ్వెట్ల వేరేదానివైతవే. నువ్వూ నేనూ ఒకటే గద."

"ఒకటే అయితే అట్ట మీద నా పేరేది?"

అతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు, ఆమె పరాచికానికి అంటోందనుకుని. ఆమె మొహం చూశాక నవ్వు ఆగిపోయింది. రాసింది తానే కదా అన్నాడు. గోడ మీద బొగ్గుతో రాసింది, కాగితం మీదికి ఎత్తింది, కర్నూలుకు మోసుకుపోయింది తానే కదా. ఆమెకు అక్షరం రాదు. ఏదో పనిలో పాటగా అన్న మాటలు, వాటికి పేరేమిటి?

జమీలాబీ గొంతు పెంచలేదు. ఆమె గొంతు పెంచి తిట్టినప్పుడు ఖాజాకు ఎప్పుడూ భయం వేయలేదు.

"నువ్వు చెప్పిన పద్యానికి నేనొక పాదం అందిచ్చింది వేరే," అంది. "గవి నేను అడగను. గియ్యి పదకొండు మొదటి నుంచి చివరిదాకా నావి. షాహెదాను మట్టిల పెట్టొచ్చిన మూడో దినం నువ్వు నరం తెస్తనని పోయినవ్. నేనొక్కదాన్నే రాట తిప్పుకుంట ఆ గింజ పద్యం చెప్పుకున్న. నువ్వొచ్చి గుమ్మంల నిలబడి ఇన్నవ్. ఎందుకేడుస్తున్నవని అడగలే. మల్లొకసారి చెప్పు అన్నవ్. బొగ్గు తీసుకుని గోడకాడికి పోయినవ్."

షాహెదా వాళ్ల కూతురు. మూడేళ్ల పిల్ల, నాలుగేళ్ల కింద మశూచితో పోయింది. ఖాజాకు ఆ రోజు గుర్తుంది. గుమ్మంలో నిలబడ్డది గుర్తుంది. ఆ పద్యం విన్నప్పుడు ఒళ్లు జలదరించింది గుర్తుంది. దాన్ని ఆ నిమిషమే రాసుకోకపోతే పోతుందని కంగారు పడ్డాడు. రాసుకున్నాక అది తనదైపోయింది. దొంగిలిస్తున్నానని అతను ఒక్కసారి కూడా అనుకోలేదు. గింజ ఆమె తీస్తే దూది తాను ఏకినట్టు, పరుపు కుట్టి ఖాజా పరుపు అని అమ్మినట్టు, పద్యమూ అట్లాగే అనుకున్నాడు.

ముందు కోపం ఆమె మీదికి పోయింది. ఇన్నాళ్లూ అనని మాట ఇప్పుడెందుకన్నాడు. శుక్రవారం దగ్గర పెట్టుకునా? అక్కడికిపోయి ఇది చెబితే ఏమవుతుందో తెలుసా? మేం అనుకున్నదే, సాయిబుకు పద్యం ఎక్కడిది, పెండ్లాం చెబితే రాసుకున్నాడని చప్పట్లు కొట్టి నవ్వుతారు. రేపు దూదేకులవాడు ఇంకెవడైనా పుస్తకం పంపితే మొహాన కొడతారు. ఆ నవ్వు కోసమా తాను పద్నాలుగు పరుపులు కుట్టింది?

"నవ్వుతరు, నిజమే," అంది జమీలాబీ. "వాళ్లు నిన్ను నమ్మలే, నీకు అంత కోపమొచ్చింది. నువ్వు నన్ను అడగనే లేదు. నాకెంత రావాలె?"

ఆ తర్వాత మూడు రోజులు ఆ చావిట్లో గూటం చప్పుడూ రాట చప్పుడూ తప్ప ఇంకోటి లేదు. ఖాజా రెండుసార్లు ఏదో పాదం అన్నాడు. అది అట్లాగే సగంలో ఉండిపోయింది. అతనికి వనపర్తివాళ్ల మీద కోపం, శాస్త్రి మీద కోపం, భార్య మీద కోపం. శుక్రవారం పొద్దున బండెక్కేటప్పటికి వాటన్నిటి అడుగున ఇంకొకటి కనబడింది. అది ఎవరి మీదో అతనికి తెలిసిపోయింది, దాన్ని ఎటూ తిప్పలేకపోయాడు.

వనపర్తి రోడ్డు స్టేషన్లో దిగి బస్సు పట్టుకుని ఊరు చేరాడు. ఒక పెద్దింటి పడమటి హాల్లో జంఖానా పరిచి గోష్ఠివాళ్లు ముగ్గురు కూర్చున్నారు. అధ్యక్షుడు నాగర్‌కర్నూల్ వకీలు, బట్టతల, బంగారు అంచు కళ్లద్దాలు. మిగతా ఇద్దరూ పండితులు. బాలరాజు అప్పటికే జంఖానా మీద ఒక మూలన ఉన్నాడు. ఖాజాను గుమ్మం పక్కన బల్ల చూపించి కూర్చోమన్నారు. కూర్చున్నాడు. పత్రం అడిగితే లేచి ఇచ్చాడు.

వకీలు శాస్త్రి సంతకం చూసి తల ఊపాడు. శాస్త్రిగారే పెట్టాక ఇక ఆక్షేపణ ఏముందన్నాడు. పండితులిద్దరూ అవునన్నారు. తర్వాత వకీలు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ముగ్గురూ ఏకాభిప్రాయానికి వచ్చారని, ఈ ఏడు బహుమానం విల్లుమోతకేనని చెప్పాడు. ముఖ్యంగా గింజ తీసిన పద్యం. పత్తి తల్లి, గింజ బిడ్డ, ఎంత గొప్ప ఊహ! కవి నోట వినాలని ఉంది, చదవమన్నాడు.

ఊహ. ఖాజా లేచి నిలబడ్డాడు. మొదటి పాదం చదివాడు. రెండో పాదం చదివాడు. మూడో పాదం దగ్గర, పిల్లను పెట్టొచ్చాక జమీలాబీ ఒక్కర్తే చావిట్లో కూర్చుని రాట తిప్పడం కళ్ల ముందుకు వచ్చింది. అక్కడే ఆపేశాడు.

"ఇది నాది గాదయ్యా," అన్నాడు. "మా ఇంటామె జమీలాబీది. గిట్లాంటివి పదకొండున్నయ్. మిగిలినయి నావి. కాయితంల రాసింది తప్పు."

ఖాజా కాళ్లు గట్టిగా ఊనుకుని నిలబడ్డాడు, వాళ్ల నవ్వు వచ్చి మీద పడడం కోసం. బాలరాజు తల దించుకున్నాడు.

నవ్వు వచ్చింది. కానీ ఖాజా అనుకున్న నవ్వు కాదు. వకీలు హాయిగా, సొంతవాడితో నవ్వినట్టు నవ్వాడు. ఓస్, ఇంతేనా అన్నాడు. దీనికా మొహం అంత నల్లబడింది? తన భారతానువాదంలో స్త్రీపర్వం విలాపాలన్నీ వాళ్లావిడ తల్లి చనిపోయినప్పుడు ఏడ్చిన ఏడుపులేనన్నాడు. ఒక పండితుడు తన కావ్యంలో జోలపాటలు ఇల్లాలివేనన్నాడు. రెండో పండితుడు, ఆడవాళ్లు ఏదో అంటుంటారు, మనం దానికి రూపమిస్తాం, అదేం సహాయం కిందికి వస్తుందన్నాడు.

"భార్యాభర్తలు ఒకటే కదా ఖాజాగారూ," అన్నాడు వకీలు. "పత్రం సరిగానే ఉంది. మీరు ఇటు వచ్చి కూర్చోండి."

వకీలు పక్కకు జరిగి జంఖానా మీద చోటు చేశాడు. చేత్తో తట్టి చూపించాడు. పండితుడు తాంబూలం పళ్లెం ఇటు జరిపాడు. పుట్టిన దగ్గర్నుంచి ఖాజాను గారూ అన్నవాడు లేడు. పెద్దల నడుమ చోటు కావాలని అతను మూడేళ్లు కలగన్నాడు. ఆ చోటు ఇప్పుడు ఎదురుగా ఉంది, జానెడు దూరంలో. తనను పద్యం రాయలేనివాడనుకున్నవాళ్లు తనను తమవాడిని చేసుకుంటున్నారు, తాను చేసిన దొంగతనం వాళ్లూ చేసినందుకు. మంగళవారం తాను జమీలాబీతో అన్న మాటే వకీలు నోట విన్నాడు ఖాజా. ఆ మాట ఎంత అసహ్యంగా ఉంటుందో ఇంకొకరి నోట విన్నాక తెలిసింది.

అతను కూర్చోలేదు. ఆమె పేరు కూడా సభలో చదవండి అన్నాడు. శతకానికి ఒకే కవి ఉంటాడు, ఇద్దరు ఉండరన్నాడు పండితుడు. అయితే ఆ పదకొండూ తీసేసి మిగిలినవి చూడండి అన్నాడు ఖాజా. ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అవి తీసేస్తే బహుమానం బాలరాజుకు పోతుందని వకీలు మెల్లగా చెప్పాడు. దాపరికం లేకుండా చెప్పాడు, అంతవరకు నయం. మొండితనం వద్దని, ఆదివారం దాకా ఆలోచించుకోమని అన్నాడు. ఖాజా వంగి, వకీలు ముందున్న పత్రం తీసుకుని, నాలుగు ముక్కలు చేసి జేబులో వేసుకున్నాడు. మీ బహుమానం నాకొద్దని చెప్పి బయటికి వచ్చేశాడు.

రాత్రి స్టేషన్లో పడుకుని, శనివారం పొద్దున బండిలో వస్తుంటే అతనికి గుండె తేలిగ్గా ఉంది. ఇంత మంచి పని తాను చేస్తానని తనే అనుకోలేదు. జమీలాబీకి ఎట్లా చెప్పాలో దారి పొడుగునా కూర్చుకున్నాడు. జంఖానా తట్టి చూపించిన చెయ్యి, ముక్కలు చేసిన కాగితం, చివరి మాట. ఆమె కళ్లు తుడుచుకుంటుందనుకున్నాడు. తనను క్షమిస్తుందనుకున్నాడు. తన త్యాగం తనకే ముద్దొచ్చింది.

జమీలాబీ చావిట్లో గింజలు చేటలోకి ఎత్తుతోంది. అతను నిలబడే మొత్తం చెప్పాడు. ఆమె చివరిదాకా వింది.

"బహుమానం ఏ పద్యం చూసి ఇస్తమన్నరు?" అని అడిగింది.

"నీ పద్యం చూసే. నీ పదకొండూ చూసే."

"మరి వద్దనటానికి నువ్వెవరు?"

ఖాజా నోరు తెరిచాడు. నీకోసమే కదా అనబోయాడు. సగం అన్నాడు కూడా.

"నాకోసం పేరు ఎయ్యకపోతివి. నాకోసం శాలువా పారేసొస్తివి," అంది జమీలాబీ. చేట గోడకు ఆనించింది. "నా పద్యం తీసుకునేప్పుడు నన్ను అడగలే. నా బహుమానం ఇడిసిపెట్టేప్పుడు నన్ను అడగలే. ఆదివారం దాకా గడువిచ్చిన్రంటివి గద?"

ఇచ్చారన్నాడు.

ఆమె లేచి చీర మీది నూగు దులుపుకుంది. తొట్టి దగ్గరికి పోయి మొహం, చేతులు కడుక్కుంది. లోపలికి పోయి పండగ చీర కట్టుకుని, కొంగు తల మీదుగా తీసుకుని వచ్చింది. బండి ఎన్నింటికని అడిగింది. మూడింటికన్నాడు ఖాజా. వాళ్లు ఆడదాన్ని సభలోకి రానియ్యరన్నాడు. పీట వెయ్యరన్నాడు. నవ్వుతారన్నాడు. అతను చెప్పినవన్నీ నిజాలే.

"రానియ్యకుంటే గడపల నిలబడి చెప్త. పదకొండూ నాకు నోటికొస్తయ్," అంది. "నాయి కాదని వాళ్లను నా మొహం చూసి అననీ."

తలుపు దగ్గరికి వేసి గొళ్లెం పెట్టింది. ఖాజా తానేం చెయ్యాలని అడిగాడు. నువ్వు టికెట్లు తియ్యి అని ముందు నడిచింది.

స్టేషన్లో బండి ఇంకా రాలేదు. రేకుల నీడన జమీలాబీ గోడకానుకుని నిలబడి, కళ్లు మూసుకుని, పెదాలు కదుపుతూ వరసగా చెప్పుకుంటోంది. ఖాజా రెండు టికెట్లు చేత పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఐదో పద్యం మూడో పాదంలో ఆమెకు ఒక మాట తట్టలేదు. వెనక్కి పోయి మళ్లీ చెప్పుకుంది, మళ్లీ అక్కడే ఆగింది. ఆ మాట ఖాజాకు తెలుసు. అందించబోయాడు. ఆమె కళ్లు తెరవకుండానే చెయ్యి ఎత్తి ఆపింది. అతను నోరు మూసుకున్నాడు. అట్లా చాలాసేపు నిలబడ్డారు. తర్వాత ఆ మాట ఆమెకే దొరికింది.